నీళ్ళ గీతకు పైన

ఆ పని మొదలుపెట్టేనాటికి పెంచలప్రసాద్ చేతిలో ఉన్న సరుకు ఇది: పద్దెనిమిది అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు ఉన్న ఖాళీ కారు షెడ్డు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సగం చుట్ట రాగి వైరు, అటక మీద దుమ్ము పట్టిన రెండు బల్బు హోల్డర్లు, ఇరవై ఏళ్ళు తాళ్ళూ దారమూ అమ్మి సంపాదించుకున్న, టేపు లేకుండా కొలిచే కన్ను. వీటన్నిటికంటే విలువైనదని అతను అనుకున్నది ఒక అంకె. ఆ అంకె ఆరు.

ఆ అంకె సంగతి చెప్పాలంటే ముందు అంగడి సంగతి చెప్పాలి. ఇందుకూరుపేటలో, మైపాడుకు పోయే రోడ్డు మీద అతని అంగడి. వెనకే ఇల్లు, ఇంటి పక్కన షెడ్డు. అంగట్లో దొరికేవి వలలు, తాళ్ళు, నైలాన్ దారం, బెండ్లు, సీసపు గుండ్లు. వల కొని తీసుకుపోయినంత మాత్రాన చేప పడదు. పై తాడుకు తేలే బెండ్లు, కింది తాడుకు మునిగే గుండ్లు సమంగా కడితేనే వల నీళ్ళలో గోడలా నిలబడుతుంది. ఆ కట్టే పని అతని భార్య ఉషారాణిది. ఆమె అతని మేనమామ కూతురు. జాలర్ల పాళేల నుంచి వచ్చే ఆడవాళ్ళు వలను చేత్తో తడిమి, ఇది ఉషమ్మ కట్టిందేనా అని అడిగి మరీ తీసుకునేవాళ్ళు. అంగట్లో సగం బలం ఆమె చేతుల్లో ఉందని ప్రసాద్‌కు ఎప్పుడూ తెలుసు. తెలిసినా పైకి ఎప్పుడూ అనలేదు.

ఏడాదిన్నర కిందట కోవూరులో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే స్కూటరుకు బర్రె అడ్డం వచ్చింది. అతనికి మోచేతులు గీసుకుపోయాయి. ఆమెకు నడుము కింద స్పర్శ పోయింది. మూడు నెలలు ఆస్పత్రిలో ఉండి చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చింది. ఆస్పత్రి కోసం సామాన్ల వ్యాను అమ్మేశాడు. అలా షెడ్డు ఖాళీ అయింది.

పొద్దున పూట పనిమనిషి ఎస్తేరమ్మ వచ్చి స్నానం, వంట చూసి పోయేది. ఆ తర్వాత అన్నిటికీ ప్రసాదే. అంగట్లో కూర్చుంటే లోపలి నుంచి పిలుపు వినిపించేది, ‘బావా’ అని. నీళ్ళ చెంబుకు, ఫ్యానుకు, ఎండ కళ్ళలో పడితే కిటికీ రెక్కకు, బాత్రూముకు. ఇంటికి వచ్చిన కొత్తలో ఒకరోజు అతను ఆ పిలుపులు లెక్కపెట్టాడు. విసుగుతో కాదు. ఏ వస్తువైనా ఎంత వచ్చింది, ఎంత పోయింది అని చూసుకోకపోతే అతనికి అన్నం సయించదు. ఆ రోజు ముప్ఫై ఒకటి. అంగడికీ ఇంటికీ మధ్య గుమ్మం పక్కన వేలాడే క్యాలెండరులో ఆ తేదీ గడిలో పెన్సిలుతో చిన్నగా వేసుకున్నాడు. మర్నాడూ వేశాడు. పిలుపులు తగ్గుతున్నాయంటే ఆమె చేతుల్లో సత్తువ పెరుగుతున్నట్టే గదా అనేది అతని ఆలోచన.

తగ్గాయి. ఇరవై ఎనిమిది, ఇరవై నాలుగు, మళ్ళీ ఇరవై ఐదు, పంతొమ్మిది. ఎండలు ముదిరేసరికి పన్నెండు. వినాయక చవితి వెళ్ళిన వారానికి ఆరు. ముప్ఫై ఒకటి ఆరయిందంటే ఏ వ్యాపారంలోనూ అంత లాభం అతను చూడలేదు. మధ్యలో రెండుసార్లు ఆమెకు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో చెడు చేరిందని, నీళ్ళు బాగా తాగాలని డాక్టరు చెప్పాడు. తాగుతున్నావా అంటే తాగుతున్నానంది. ఆ మాటను అతను అంతటితో వదిలేశాడు.

షెడ్డు ఆలోచన ఒక సాయంకాలం పుట్టింది. అతను వరండాలో కూర్చుని ఒక వలకు బెండ్లు కడుతున్నాడు. ఉషారాణి గుమ్మంలో కుర్చీలో కూర్చుని చూస్తోంది. చాలాసేపు చూసి, ఆరో బెండు దగ్గర ఎడం జానెడు ఎక్కువ పడిందని, ఆ వల నీళ్ళలో ఒరిగిపోతుందని చెప్పింది. అతను టేపు తెచ్చి కొలిచాడు. సరిగ్గా జానెడే.

ఆ పూట ప్రసాద్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఆమెకు కన్ను ఉంది. చేతులున్నాయి. లేనిది చోటు. అంగడికి మూడు మెట్లు, లోపల వల మూటల మధ్య కుర్చీ తిరగదు. షెడ్డుకు మెట్లే లేవు. వ్యాను ఎక్కడానికి వేసిన వాలు అలాగే ఉంది, గచ్చు నున్నగా ఉంది, ఇంటి నుంచి ఇరవై ఆరు అడుగులు. లేనిదల్లా కరెంటు. ఇన్నాళ్ళూ బట్టల తీగ మీదుగా లాక్కొచ్చిన ఒక వైరు, దాని కొసకు ఒక బల్బు, అంతే. షట్టరు వైపు తప్ప కిటికీ లేని రేకుల షెడ్డు అది. మబ్బు పట్టిందంటే లోపల కంటికి చెయ్యి కనపడదు.

చెంచయ్యను పిలిచాడు. రొయ్యల గుంటల మీద మోటార్లకు కరెంటు పని చేసే మనిషి. ఈ గాలిలో ఏ ఇనుము ఎన్నాళ్ళకు తుప్పు పడుతుందో చూసి చెప్పగలడు. ఇనప పెట్టెలు వద్దన్నాడు, అన్నీ ప్లాస్టిక్కువే పెట్టించాడు. ఇంటి మీటరు దగ్గర షెడ్డుకు వేరే బ్రేకరు, షాకు కొట్టేలోపే కరెంటు తెగిపోయే పెట్టె ఒకటి, ప్లగ్గులకు లావు వైరు. పాత సగం చుట్ట లైట్ల వరకు సరిపోయింది. చేతుల కింద నీడ పడకుండా మూడు ట్యూబులైట్లు, ఒక ఫ్యాను, రెండు ప్లగ్గులు. ప్లగ్గులు ఎందుకంటే నైలాన్ తాడు కొస విడిపోకుండా కాల్చి కోసే కత్తి ఒకటి ఉంది, అది కరెంటుతో కాగుతుంది. వెనక ఎర్తు గుంత తవ్వి బొగ్గు, ఉప్పు వేయాలన్నాడు చెంచయ్య. సముద్రం పక్కన ఉప్పు కూడా తేవాలా అని ప్రసాద్ అడిగాడు.

“నేల నాకి చూడన్నా, ఉప్పగానే ఉంటాది” అన్నాడు చెంచయ్య. “అయినా పొయ్యాల. లెక్క లెక్కే.”

లెక్క లెక్కే అనే మాట ప్రసాద్‌కు నచ్చింది.

స్విచ్చి బోర్డు ఎక్కడ పెట్టాలన్నది వాళ్ళు మాట్లాడుకోనేలేదు. మాట్లాడుకోవలసిన సంగతి అని ఇద్దరికీ తోచలేదు. షెడ్డు గోడ మీద నాలుగడుగుల ఎత్తున ఒక నల్లటి గీత ఉంది. ఒక నవంబరులో తుపాను నీళ్ళు ఊళ్ళోకి వచ్చి రెండు రోజులు నిలబడినప్పుడు పడిన గీత. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఆ గీత ఉంటుంది. సున్నం కొట్టినా దాన్ని వదిలేసి కొడతారు. దాని కింద కరెంటు బోర్డు పెట్టే మేస్త్రీ ఆ మండలంలో లేడు, పెట్టించుకునే ఇంటాయన లేడు. ఆ నీళ్ళలో ప్రసాద్‌కు నాలుగు మూటల దారం పోయింది. కాబట్టి చెంచయ్య గీతకు అడుగు పైన పెన్సిలుతో గుర్తు పెట్టాడు, ప్రసాద్ తల ఊపాడు.

శుక్రవారం పొద్దున పసుపు కుంకుమ పెట్టి, ఉషారాణిని కుర్చీలో తీసుకొచ్చి షెడ్డు మధ్యలో నిలిపి, అతను ఒక్కొక్క స్విచ్చీ వేశాడు. మూడు లైట్లూ వెలిగాయి. ఆమె రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నీడ పడటంలేదు అంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో అంగటి మనిషి కనిపించింది. అతను గోడ వారగా పరిచిన వలనూ బెండ్ల సంచినీ ఆమెకు అందేలా జరిపాడు. మధ్యాహ్నం అన్నానికి తీసుకుపోతూ లైట్లు ఆర్పాడు. రెండింటికి మళ్ళీ తీసుకొచ్చి దించినప్పుడు షట్టరు లోంచి ఎండ బాగా పడుతోంది. లైటు అవసరం కనపడలేదు. అంగట్లో మైపాడు వాళ్ళు వచ్చి నిలబడి ఉన్నారు. పరిగెత్తాడు.

నాలుగింటికి సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మింది. వాన మొదలైంది. తడిసిన మనుషులు అంగట్లోకి ఎక్కి నిలబడ్డారు. ప్రసాద్ సరుకు చూపిస్తూనే చెవి ఇంటివైపు పెట్టాడు. పిలుపు రాలేదు. ఐదయింది, రాలేదు. పొద్దుటి నుంచి మొత్తం రెండే. ఇంతవరకు ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. పని దొరికితే మనిషి ఇలా మారిపోతుందని సంతోషపడి, పెన్సిలు తీసి ఆనాటి గడిలో రెండు వేసి, గొడుగు తీసుకుని షెడ్డుకు పోయాడు.

లోపల చీకటి. కుర్చీ పెట్టిన చోటే ఉంది. వల ఒళ్ళో ఉంది. మూడు బెండ్లు కట్టి ఉన్నాయి, నాలుగోది చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

“లైటు వేసుకోలేదేంది?”

ఉషారాణి చేతిలోని బెండును సంచిలో వేసింది. వల పక్కన పెట్టింది. కుర్చీని చక్రాలు తిప్పుకుంటూ గోడ దగ్గరకు పోనిచ్చి, కుడిచెయ్యి ఎత్తింది. వేళ్ళు నీళ్ళ గీతను నాలుగంగుళాలు దాటి ఆగిపోయాయి. స్విచ్చీలు ఇంకా జానెడు పైన ఉన్నాయి.

టేపు లేకుండా కొలిచే కన్ను ఆ జానెడును అప్పుడు చూసింది.

“పిలిచి ఉండచ్చు గదా, ఉషా.”

“పిలిస్తే రాసుకుంటావు గదా, బావా.”

రేకుల మీద వాన మోత. అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొడుగు మూయడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

ఆమె కోపంగా చెప్పలేదు. వల విప్పుతూ మాట్లాడినట్టు కొంచెం కొంచెంగా చెప్పింది. ఉగాదికి ముందే క్యాలెండరులో అంకెలు చూసిందట. ఏమిటో తెలియలేదట. ఒకరోజు తలనొప్పితో ఎక్కువసార్లు పిలిస్తే గడిలో ఇరవై రెండు పడింది. మర్నాడు కావాలని తక్కువ పిలిచి చూస్తే పదిహేను పడింది. అప్పటి నుంచి తనూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కిటికీ ఎండను ఓర్చుకుంది. పడిపోయిన దువ్వెనను ఎస్తేరమ్మ వచ్చేదాకా కిందే ఉండనిచ్చింది. మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగడం మానేసింది. తాగితే బాత్రూముకు పిలవాలి గదా.

రెండు చలిజ్వరాలు ఎక్కడి నుంచి వచ్చాయో ప్రసాద్‌కు అక్కడ తేలింది. ఉగాది నుంచి లాభం కింద వేసుకున్నదంతా ఆమె ఒంటిలోంచి పోతూ వచ్చిన సరుకు.

“నీ చేతులకి బలం వస్తుందనుకున్నా” అన్నాడు. గొడుగు మూశాడు. “అందుకే రాసినా.”

“వచ్చింది. పిలవకుండా ఉండే బలం వచ్చింది.” మళ్ళీ తనే అంది, “నువ్వు విసుక్కుని రాయలేదని తెలుసులే. నీకు విసుగొస్తే మొహం దాచుకోలేవు. అయినా ఒకరు లెక్కపెడతా ఉంటే ఎవరికైనా నోరు పడిపోతాది, బావా.”

“ఇప్పుడేం చేద్దాం?”

“ముందు లైటెయ్యి. దోమలు పీకేస్తుండాయి.”

లైటు వేశాడు. ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఆమె గటగటా తాగింది. ఇంకో చెంబు తెచ్చాడు. అదీ సగం తాగి, మిగిలింది అతని చేతికిచ్చి నువ్వు తాగు అన్నట్టు చూసింది. అతను తాగాడు.

మర్నాడు చెంచయ్యను పిలిచి బోర్డు కిందికి దించమన్నాడు. చెంచయ్య గీతను చూశాడు, ఉషారాణిని చూశాడు, తన నోటితో తాను చెప్పలేక తల గోక్కున్నాడు. చివరికి ఆ పని తన చేత కాదన్నాడు. ప్రసాద్ గొంతు పెంచాడు. మధ్యలో ఉషారాణి అడ్డు పడి, చెంచయ్య చెప్పేదే సరి అంది. నీళ్ళొస్తే ముందు మునిగేది కూర్చున్న మనిషే, కరెంటు ఆ మనిషి పక్కన ఉండకూడదు. కానీ తనకు అందాలి. రెండూ జరగాలి.

“రెండూ ఎట్టా జరుగుతాయక్కా?” అన్నాడు చెంచయ్య.

ఆమె తల ఎత్తి రేకుల కింద అడ్డంగా ఉన్న ఇనప పైపును చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి వల బాగుచేయించుకోవడానికి నాగులమ్మ వచ్చింది. మైపాడు దగ్గరి పాళెం మనిషి, పడవ నడిపే పోలేరయ్య భార్య. ఇరవై ఏళ్ళుగా ఈ అంగడి తాడు తప్ప వేరేది పడవలో పెట్టనివ్వదు. షెడ్డులో ఉషారాణిని చూసి కళ్ళు తుడుచుకుని, వెంటనే వల చిరుగు గురించి గొణగడం మొదలుపెట్టింది. ఉషారాణి ఆ గొణుగుడు అంతా విని, మీ పాత పడవలో కప్పీ ఇంకా ఉందా అని అడిగింది.

“ఉంది. ఎందుకు?”

“కరెంటు దించుకోడానికి.”

“కరెంటుకి కప్పీ ఏందమ్మా? అదేమన్నా తెరచాపా?”

కప్పీ ఆ సాయంత్రమే వచ్చింది, చెక్కది, మధ్యలో చక్రం నున్నగా అరిగి ఉంది. పైపుకు కప్పీ కట్టారు. చెంచయ్య రెండు ప్లగ్గులనూ ఒక చిన్న పెట్టెలో బిగించి, పైనుంచి మెత్తటి రబ్బరు కేబుల్‌తో వేలాడదీశాడు. కేబుల్ మీద బరువు పడకూడదని, పెట్టెను తాడే మొయ్యాలని హెచ్చరించాడు. తాడు సంగతి తనకు వదిలెయ్యమంది ఉషారాణి. అంగట్లో ఉన్న తాళ్ళన్నీ తెప్పించుకుని, ఎండకూ ఉప్పుకూ బిరుసెక్కని దాన్ని ఏరుకుని, పెట్టె చుట్టూ తనే ముడివేసింది. తాడు రెండో కొస కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి ఎత్తకుండా అందే కొక్కేనికి. విప్పితే పెట్టె ఒడి పక్కకు దిగుతుంది. పని అయ్యాక లాగి కడితే గీత దాటి పైకి పోతుంది.

లైట్లకూ ఫ్యానుకూ చెంచయ్య నెల్లూరంతా తిరిగి, తాడు లాగితే పడే స్విచ్చీలు తెచ్చి పైపు దగ్గర బిగించాడు. వాటితో వచ్చిన తీగలు పొట్టివి. ఉషారాణి వాటికి వల దారం అతికి, కొసన ఒక్కోదానికి ఒక్కో బెండు కట్టింది. లైట్లకు నారింజ రంగువి, ఫ్యానుకు తెల్లది. నీళ్ళొచ్చినా తేలతాయి అంది. ముప్ఫై ఏళ్ళుగా కరెంటు పని చేస్తున్నా బెండ్లు కట్టిన లైటు చూడలేదన్నాడు చెంచయ్య. ఇప్పుడు చూసినావుగా అంటూ ఆమె మొదటి బెండు లాగింది. లైటు పడింది. ఆర్పింది. మళ్ళీ వేసింది. ఏడెనిమిదిసార్లు అలాగే చేసింది. ప్రసాద్ పక్కకు తిరిగి, గుంత ఎండిపోకూడదు గదా అంటూ ఎర్తు గుంతలో నీళ్ళు పోయడానికి వెళ్ళాడు. ఆ రోజు ఆ గుంతకు చాలాసేపు నీళ్ళు పట్టాయి.

షెడ్డులో పడిన తాడు ఇంట్లోకీ పాకింది. మంచం పైన పట్టుకుని లేవడానికి ఒకటి, బాత్రూములో ముడులు వేసిన లావుపాటిది ఒకటి, కిటికీ రెక్కకు సన్నటిది. ఎక్కడ ఎంత ఎత్తున అనేది ఆమె కుర్చీలో కూర్చుని చెప్పింది, అతను మేకు కొట్టాడు. కొట్టేముందు ప్రతిసారీ చెయ్యి చాపి చూపించమన్నాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఒక పొద్దున షెడ్డులోకి జానెడు నీళ్ళొచ్చాయి. షట్టరు ఎత్తి చూస్తే వల మూటలు బల్ల మీద ఉన్నాయి, ప్లగ్గుల పెట్టె పైన పైపు కింద పొడిగా వేలాడుతోంది. ముందు సాయంత్రం ఆమె లాగి కట్టింది. ప్రసాద్ ఆ ముడిని చాలాసేపు చూశాడు. అలాంటి ముడి అతనికి రాదు.

క్యాలెండరులో అంకెలు వేయడం మానేశాడు. పాత అంకెలు చెరపబోతే ఆమె వద్దంది, ఉండనీ, నువ్వు మళ్ళీ మొదలుపెట్టకుండా ఉంటావు అంది. చెయ్యి మానేసింది గాని మనసు అంత తేలిగ్గా మానలేదు. అందుకే, నీళ్ళు తీసిపోయిన వారానికి, ఒక గురువారం, ఏమీ రాయకుండానే లెక్క దానంతట అదే తేలింది.

షెడ్డులో మూడు లైట్లు, ఒక ఫ్యాను, పైకీ కిందికీ పోయే రెండు ప్లగ్గులు, నాగులమ్మ తిరిగి తీసుకుపోనన్న కప్పీ ఒకటి. ఆ నెలలో ఉషమ్మ చేత్తో కట్టి పాళేలకు వెళ్ళిన వలలు తొమ్మిది. ఆమె తాగిన నీళ్ళు రోజుకు నాలుగు చెంబులకు తక్కువ లేవు. జ్వరం లేదు. ఆ గురువారం ఒక్కరోజే ఆమె పిలిచిన పిలుపులు పదిహేడు. ఎండ్రకాయ ఒకటి గచ్చు మీద అడ్డంగా పోతుంటే చూడమని ఒకటి. అతను కట్టిన బెండ్లలో మళ్ళీ తేడా వచ్చిందని ఒకటి. రేడియోలో పాట అయిపోతుందని ఒకటి. ఒకసారి అంగట్లో మనుషులను నిలబెట్టి పరుగున వస్తే, ఏం లేదు, ఊరికే పిలిచినా, వచ్చినావుగా కూర్చో అంది. కూర్చున్నాడు.

పదిహేడులో అవసరానికి పిలిచింది ఒకటే, దారం ఉండ కుర్చీ కిందికి దొర్లిపోయినప్పుడు. మిగతా పదహారూ నికర లాభం.